కడుపులో నడవడం నేర్చిన రబ్బరు పట్టీ

పొడవు 3.7 మిల్లీమీటర్లు, వెడల్పు 1.5, మందం 0.185. బియ్యపు గింజ కంటే పొట్టిగా ఉండే ఈ రబ్బరు ముక్కలో మోటారు లేదు, బ్యాటరీ లేదు, చిప్పు లేదు. అయినా నడుస్తుంది, దొర్లుతుంది, ఎగురుతుంది, ఈదుతుంది, సన్నని గొట్టంలో పాకుతుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాక్స్ ప్లాంక్ ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థలో మెటిన్ సిట్టి బృందం దీన్ని తయారుచేసి 2018లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. ఒంటిని కోయకుండా లోపలికి వెళ్లి వైద్యం చేసే బుల్లి యంత్రాలు వస్తాయని చాలా కాలంగా వింటున్నాం. వాటిలో నాకు మొదటిసారి గట్టి నమ్మకం కలిగించింది ఈ పట్టీయే. ఎందుకో తెలియాలంటే అది ఎలా పుట్టిందో చూడాలి.

సిలికోన్ రబ్బరు ఇంకా ద్రవంగా ఉండగానే అందులో నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతపు పొడిని కలుపుతారు. పొడి రేణువులు కొన్ని మైక్రోమీటర్ల సైజులో ఉంటాయి. ఆ మిశ్రమాన్ని పలచగా పోసి, గట్టిపడ్డాక లేజర్‌తో పట్టీలుగా కోస్తారు. కిటుకంతా ఆ తర్వాతే ఉంది. పట్టీని సన్నని గాజు కడ్డీకి చుట్టి, అలా చుట్టి ఉండగానే బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడతారు. అప్పుడు రేణువులన్నీ ఒకే దిక్కుకు అయస్కాంతాలవుతాయి. కడ్డీ మీంచి తీసి చాపితే ఆ దిక్కులు చెదురుతాయి. రెండు కొసల్లో ఒక దిక్కు, సరిగ్గా నడుమ దానికి ఎదురు దిక్కు, మధ్యలో మెల్లగా తిరుగుతూ వచ్చే దిక్కులు. అంటే పట్టీలోని ఒక్కో చోటు బయటి అయస్కాంతానికి ఒక్కో రకంగా లొంగుతుంది. నిలువుగా క్షేత్రం పెడితే పట్టీ విల్లులా వంగుతుంది, దిక్కు మారిస్తే వంపు తిరగబడుతుంది. క్షేత్రాన్ని తిప్పుతూ పోతే వంగిన పట్టీ దొర్లుకుంటూ పోతుంది. ఒక్కసారిగా క్షేత్రాన్ని కుదిపితే నేలను తన్ని పైకి ఎగురుతుంది. ఏ క్షేత్రానికి ఏ భంగిమలోకి వంగాలన్న సమాచారం ఆ రబ్బరులోనే దాగి ఉంది. ఇంత పనికీ పదుల మిల్లీటెస్లాలు చాలు. ఎం.ఆర్.ఐ. తీసేటప్పుడు మనిషిని 1.5 టెస్లా లేదా 3 టెస్లాల క్షేత్రంలో పడుకోబెడుతున్నాం కదా, దాని పక్కన ఇది లెక్కలోకే రాదు.

ఈ నడకలకు గురువులు పురుగులూ జెల్లీచేపలూ. గొంగళిపురుగులా ముందు భాగం నేలకు ఆనించి వెనక భాగాన్ని లాక్కుంటుంది. నీళ్లలో జెల్లీచేపలా ముడుచుకుని, విచ్చుకుని పైకి తేలుతుంది. అంచు దగ్గర నీళ్లు గోడను పట్టుకుని కాస్త పైకి వంపు తిరుగుతాయి. మనకది కంటికి ఆనదు గానీ అంత చిన్న జీవికి అదొక జారుడు కొండ. కొన్ని కలువాకు పురుగుల పిల్లలు ఒంటిని విల్లులా వంచి ఆ వాలు ఎక్కుతాయి. సిట్టి బృందం పట్టీ చేత అదే చేయించింది. కృత్రిమ జీర్ణాశయం నమూనాలో అది నీటి మీంచి గట్టెక్కి, దొర్లి, అడ్డం వచ్చిన ముడతల మీదుగా ఎగిరి ముందుకు సాగింది. కోడిమాంసం లోపల అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ దాన్ని కదిలించారు కూడా.

మెత్తదనం ఎందుకంత ముఖ్యమో రక్తనాళాల్లోకి తీగ ఎక్కించే డాక్టర్లకు బాగా తెలుసు. లోహపు తీగ మొన ఒక్క క్షణం దారి తప్పితే పలచటి నాళం గోడకు చిల్లు పడుతుంది. మెత్తని రబ్బరు గోడకు తగిలితే తానే వంగిపోతుంది.

డాక్టరును మింగేయడమన్న ఊహ కొత్తది కాదు. దాన్ని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1959 డిసెంబరులో కాలిఫోర్నియాలో చేసిన ప్రసంగంలో చెప్పాడు. అది తన మిత్రుడు ఆల్బర్ట్ హిబ్స్‌దని కూడా చెప్పాడు. మనిషి నిజంగా మింగగల కెమెరా మాత్ర అమెరికాలో అనుమతి పొందింది 2001లో. అది చిన్నపేగు లోపలి బొమ్మలు చూపించింది, ఇప్పటికీ చూపిస్తోంది. కానీ ప్రయాణం దాని చేతిలో ఉండదు. పేగు ఎటు నెడితే అటే.

మింగిన యంత్రాన్ని బయటి నుంచి నడిపి పని చేయించవచ్చని 2016లో ఎం.ఐ.టి.లో డేనియెలా రస్ బృందం చూపింది. వాళ్లు ఎంచుకున్న ఉదాహరణ చిన్నపిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించింది: బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బటన్ బ్యాటరీ. బిడ్డ దాన్ని మింగితే, అది గొంతులోనో కడుపులోనో గోడకు అంటుకుని తడిలో కరెంటు పారించి కణజాలాన్ని కాల్చేస్తుంది. బృందంలోని షుహేయ్ మియాషిత పందిమాంసం ముక్క కొని దాని మీద బ్యాటరీ పెట్టి చూశాడు. అరగంటలో బ్యాటరీ మాంసంలో పూర్తిగా దిగబడిపోయింది. ఆ ముక్కను చూశాక ఈ పని అవసరమని రస్‌కు నమ్మకం కుదిరింది. వాళ్లు ఎండబెట్టిన పందిపేగు పొరతో మడతల రోబో చేసి, ఒక చిన్న అయస్కాంతం అమర్చి, మంచు మాత్రలో పెట్టారు. కృత్రిమ కడుపులో మంచు కరిగింది, రోబో మడత విప్పుకుంది, బయటి అయస్కాంతాల ఆజ్ఞకు జరుగుతూ వెళ్లి బ్యాటరీని పట్టుకుని తొలగించింది.

మరి ఆసుపత్రుల్లో ఇవింకా ఎందుకు కనబడవు? అడ్డంకి పట్టీలో లేదనే నా అభిప్రాయం. ఈ రోబో కండరాలూ మెదడూ దాని ఒంట్లో లేవు, రోగి చుట్టూ ఉండే తీగచుట్టల్లో ఉన్నాయి. చిన్న అయస్కాంతం బలం దూరం పెరిగే కొద్దీ ఘోరంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. బల్ల మీది చిన్న తొట్టెలో తేలిగ్గా నడిచిన పట్టీని పెద్దమనిషి పొట్ట లోతులో నడపాలంటే మంచం చుట్టూ భారీ చుట్టలు, వాటికి కరెంటు, వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాటు కావాలి. రోబోను ఎంత చిన్నగా చేశామన్న వార్తలే ఎక్కువగా చదువుతున్నాం. భవిష్యత్తు మాత్రం ఆ పెద్ద అయస్కాంతాన్ని చవకగా, తేలిగ్గా చేయగలవాళ్ల చేతుల్లో ఉంది.

ఇక పని అయ్యాక దాన్ని ఏం చేయాలి? నియోడిమియం పొడిని ఒంట్లో వదిలేయలేం. కడుపులోనైతే మలంతో పాటు బయటికి రావచ్చు, రక్తనాళంలో ఆ దారి లేదు. జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్.లో బ్రాడ్లీ నెల్సన్ బృందం 2025లో దీనికొక జవాబు చూపింది. జెలటిన్ గోళీలో మందుతో పాటు ఇనుప ఆక్సైడు రేణువులు, ఎక్స్‌రేలో కనబడేందుకు టాంటలం కలిపారు. గమ్యం చేరాక వేగంగా మారే అయస్కాంత క్షేత్రంతో వేడి చేస్తే గోళీ కరిగి మందు వదులుతుంది. పందుల్లోనూ గొర్రెల్లోనూ దాన్ని నడిపి చూశారు. అచ్చం ఆపరేషన్ కాకపోయినా, మెదడు నాళంలో రక్తపు గడ్డ ఉన్న చోటికే మందు చేరితే రక్తస్రావం భయంతోనే ఒళ్లంతా మందు ఎక్కించే అవసరం తగ్గుతుంది.

మనుషుల దాకా ముందుగా వచ్చేది మాత్రం తోక ఉన్న రోబోయే అనుకుంటున్నాను. ఎం.ఐ.టి.లో షువాన్హే జావో బృందం 2019లో 0.6 మిల్లీమీటరు కంటే సన్నని దారం చేసింది. లోపల నిటినాల్ అనే మిశ్రలోహపు తీగ, దాని చుట్టూ అయస్కాంతపు పొడి కలిపిన మెత్తని పాలిమర్, పైన నీళ్లు పీల్చి జారే హైడ్రోజెల్ పూత. మెదడు రక్తనాళాల సిలికోన్ నమూనాలో దాని మొన అయస్కాంతం చూపిన మలుపులన్నీ తిరిగింది. తర్వాత అదే బృందం అయస్కాంతాన్ని రోబో చేతికి తగిలించి, జాయ్‌స్టిక్‌తో దూరం నుంచి నడిపింది. పక్షవాతం వచ్చిన మనిషిని మన్యంలోని ఊరి నుంచి నిపుణుడున్న విశాఖ దాకా తీసుకెళ్లే లోపు మెదడు ఎంత పోతుందో చూసినవాళ్లకు, దగ్గరి పట్టణం ఆసుపత్రిలో పడుకోబెట్టి నిపుణుడు దూరం నుంచే గడ్డ తీయగలగడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పైగా డాక్టర్లకు ఈ పని కొత్త కాదు. తొడ దగ్గరి ధమనిలోంచి మెదడు దాకా తీగ పోనివ్వడం ఇవాళ రోజూ చేస్తున్నదే. మారేది తీగ మొన, దాన్ని తిప్పే పద్ధతి. దారం వెనక కొస బయటే ఉంటుంది గనుక ఏ కాస్త తేడా వచ్చినా వెనక్కి లాగేయవచ్చు.