రీలు పోయి చిప్పు వచ్చే: మన గ్రూపు ఫోటోల సంగతి

మన హాస్టల్లో చదివిన చాలామందికి చిన్ననాటి ఫోటో అంటే పదో తరగతి గ్రూపు ఫోటో ఒక్కటే. సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసే తండ్రులు, కోరుట్ల, జగిత్యాల దిక్కు బీడీలు చేసే తల్లులు ఉన్న ఇండ్లల్లో ఫోటో దిగడం అంటే పెండ్లికి గానీ, గల్ఫ్ పోయేటప్పుడు పాస్‌పోర్టుకు గానీ. అందుకే ఫోటో రీలు నుంచి డిజిటల్‌కు మారినప్పుడు మనకు ఏమి దక్కింది, ఏమి చేజారింది అనేది మిత్రులకు చెప్పాలనిపించింది.

ముందుగా రీలు సంగతి. రీలు అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద వెండి లవణాల పూత ఉంటుంది. పదో తరగతిలో సిల్వర్ బ్రోమైడ్ మీద ఎండ పడితే రంగు మారుతుందని చదువుకున్నాం కదా, ఫోటోకు మూలం ఆ చర్యే. వెలుతురు తగిలిన చోట లవణంలో కంటికి కనిపించని మార్పు వస్తుంది. డెవలపర్‌లో ముంచితే అక్కడ నల్లని వెండి తేలుతుంది. మిగిలిన లవణాన్ని హైపో కడిగేస్తుంది. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా కనిపించే ఆ ముక్కే నెగెటివ్. ఈ పనంతా స్టూడియో వెనుక చీకటి గదిలోనే అయ్యేది. కలర్ రీలుకు మాత్రం మందుల వేడి సరిగ్గా 38 డిగ్రీల దగ్గర నిలవాలి, దానికి మెషిన్లు కావాలి. అందుకని మన ఊళ్ల రీళ్లు కరీంనగర్ వంటి పెద్ద ఊళ్ల ల్యాబులకు పోయేవి. రీలుకు 36 బొమ్మలు. అవి నిండేదాకా కడిగించేవారు కాదు కనుక మన గ్రూపు ఫోటో ఎవరి పెండ్లి ఫోటోలతోనో కలిసి బస్సెక్కేది!

డిజిటల్ కెమెరాలో రీలు ఉండే చోట సెన్సార్ ఉంటుంది. లక్షల కొద్దీ చిన్న గళ్లు అనుకోండి. ఒక్కో గడి తనమీద పడిన వెలుతురును కరెంటుగా మారుస్తుంది, దాన్ని అంకెలుగా రాసుకుంటారు. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో గళ్లు కేవలం 10,000. ఒక్క బొమ్మను క్యాసెట్‌లో ఎక్కించడానికి 23 సెకన్లు పట్టింది. విచిత్రమేమంటే, దాన్ని కనిపెట్టిన కొడాకే 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. కోనికా మినోల్టా 2006లోనే ఫోటో వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఊటీలో ‘ఇందు’ ఫిల్మ్ తయారుచేసిన ప్రభుత్వ కర్మాగారం హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది.

లాభాలు మీకు తెలిసినవే. కన్ను మూస్తే వెంటనే ఇంకోటి తీయవచ్చు. హాల్‌టికెట్ ఫోటో పది నిమిషాల్లో చేతికి వస్తుంది.

స్టూడియో అన్నలకు మాత్రం అంత సులువుగా గడవలేదు. నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో మొహం మచ్చలు దిద్దే పనితనం ఒక్కసారిగా ఎవరికీ అక్కర లేకుండా పోయింది. ఫోటోషాప్ నేర్చుకున్నవారు పెండ్లి ఆల్బమ్‌లతో నిలదొక్కుకున్నారు. చీకటి గదులు జిరాక్సు గదులైనయి. తర్వాత పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో కౌంటర్ దగ్గరనే ఫోటో తీయడం మొదలయ్యాక గల్ఫ్ పోయేవారి గిరాకీ కూడా తగ్గింది.

ఇక అసలు విషయం. పాత స్టూడియోల్లో ఫోటో కవరు మీద నెగెటివ్ నంబరు వేసి ఇచ్చేవారు. పదేండ్ల తర్వాత ఆ నంబరు చెప్పినా ఇంకో కాపీ వచ్చేది. ఎవరూ ప్రత్యేకంగా దాచకపోయినా నెగెటివ్ డబ్బాలో పడి ఉండేది. డిజిటల్ ఫైలు అట్లా పడి ఉండదు. కార్డు నిండితే తుడిచేస్తారు, హార్డ్ డిస్క్ చెడిపోతే అంతా పోతుంది. సీడీ మీద రంగు పొర ఉంటుంది, మనం రాసుకున్న బొమ్మలన్నీ దానిలోనే ఉంటాయి. ఆ పొర ఏండ్లు గడిస్తే పాడవుతుంది. అందుకే 1990ల నాటి బ్యాచ్‌ల ఫోటోలు గోడల మీద ఇంకా ఉన్నయి. 2006, 2008 బ్యాచ్‌ల తమ్ముళ్లను అడిగితే, “సీడీల ఉండె అన్నా, ఇప్పుడది ఓపెన్ అయితలేదు” అంటున్నారు. ఎక్కువ ఫోటోలు దిగినవారి దగ్గరే తక్కువ మిగిలినయి.

నెగెటివ్‌లకు కూడా ముప్పు లేకపోలేదు. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో వెండి ఉంటుంది కనుక దాన్ని తీసేవారు పాత నెగెటివ్‌లను కిలోల లెక్కన కొంటారు. కలర్ నెగెటివ్‌లో కడిగిన తర్వాత వెండి మిగలదు, కాబట్టి వాటిని అడిగేవారు లేరు. అంటే ముందుగా పోయేవి మన పెద్దన్నల కాలం ఫోటోలే. మీ ఊరి స్టూడియోలో పాత డబ్బాలుంటే వాటిని అమ్మకముందే అడగండి.

గ్రూపు ఫోటో ఉన్నవారు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి. అట్ట వెనుక సంవత్సరం, వరుసగా పేర్లు పెన్సిలుతో రాయండి. వంట మనిషి, వాచ్‌మన్ పేర్లు కూడా.