నిజాంపట్నం తీరంలో ఆఫ్రికా నేల ఆర్కిడ్ యులోఫియా: పెంపకం, సంరక్షణ

ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మను ఆధారం చేసుకొని గాలిలోకి వేళ్లు చాచే మొక్క స్ఫురిస్తుంది. మార్కెట్లో కనిపించే డెండ్రోబియం, ఫెలినాప్సిస్, వాండా మొక్కలు ఈ కోవకు చెందినవే. ఇదే కుటుంబంలో నేలపై పెరిగి, దుంపలో ఆహారాన్ని దాచుకొని, ఎండకాలమంతా నిద్రాణస్థితిలో గడిపి, తొలకరితో చిగురించే మొక్కలు కూడా అనేకం ఉన్నాయి. వీటిని నేల ఆర్కిడ్లు అంటారు. ఉష్ణమండల ఆఫ్రికాలో వీటికి ప్రాతినిధ్యం వహించే ప్రజాతి యులోఫియా. ఇందులోని యులోఫియా గినీన్సిస్ అందమైన పూలనిచ్చే జాతి అయినప్పటికీ మన దేశపు తోటలలో అరుదు.

బాపట్ల జిల్లా నిజాంపట్నం వంటి తీర మండలంలో ఈ మొక్కను పెంచదలచినవారు మొదట భయపడేది వేసవి ఎండకు. వాస్తవానికి నిద్రాణస్థితిలో ఉన్న దుంపకు నీడలోని పొడి వేడి పెద్ద ముప్పు కాదు. ఇక్కడి అసలు ముప్పులు రెండు: నీటిలోని ఉప్పు, ఆకు రాలే వేళ కురిసే ఆశ్వయుజ, కార్తిక మాసాల వాన. యాజమాన్య పద్ధతులన్నీ ఈ రెండింటిని దృష్టిలో ఉంచుకొని రూపొందించుకోవాలి.

ప్రజాతి పరిచయం

యులోఫియా అనే పేరు గ్రీకు భాష నుంచి వచ్చింది. పువ్వు పెదవిపై శిఖవలె లేచి ఉండే గాళ్ల వల్ల 'చక్కని శిఖ కలది' అనే అర్థంలో ఈ పేరు ఏర్పడింది. ఈ ప్రజాతిలో సుమారు 200 జాతులు ఉండగా, అత్యధిక భాగం ఆఫ్రికా ఖండానివే.

యులోఫియా గినీన్సిస్ పశ్చిమ ఆఫ్రికా నుంచి తూర్పు ఆఫ్రికా వరకు, అరేబియా ద్వీపకల్పంలోను సహజంగా పెరుగుతుంది. అడవి అంచుల పలుచని నీడ, రాతి నేలలు దీనికి అనుకూలం. దుంపవలె కనిపించే మిథ్యాకందాలు నేల పైపొరలో సగం వెలుపలికి తేలి ఉంటాయి. ఒక్కొక్క దుంప నుంచి మడతలు గల వెడల్పాటి ఆకులు కొన్ని మాత్రమే వస్తాయి. వర్షాల ఆరంభంలో లేత ఆకులతోపాటు పూకాడ వెలువడుతుంది. రక్షక పత్రాలు సన్నగా, గోధుమ-ఊదా వర్ణంలో ఉంటాయి. పెదవి వెడల్పుగా గులాబీ-ఊదా రంగులో విచ్చుకొని దూరానికే కనిపిస్తుంది.

తీర ప్రాంతపు ప్రయోగాలకు మరి రెండు ఆఫ్రికా జాతులు పరిశీలనార్హమైనవి. దక్షిణాఫ్రికా తీరపు ఇసుక దిబ్బల పొదలలోను పెరిగే యులోఫియా స్పెసియోసా పసుపు పూలనిస్తుంది. ముళ్లపొదల పొడి నేలలకు చెందిన యులోఫియా పీటర్సై కలబందను తలపించే దళసరి ఆకులతో నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది.

తెలుగు నేలతో సంబంధం

ఈ ప్రజాతి తెలుగు ప్రాంతానికి కొత్తది కాదు. సామర్లకోటలో 1781 నుంచి 1793 వరకు ఉండి తీరాంధ్ర వృక్షసంపదను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడటం ఆరంభమైన తన గ్రంథం మొదటి సంపుటంలో లిమోడోరం వైరెన్స్ అనే పేరుతో ఒక నేల ఆర్కిడ్‌ను వర్ణించాడు. నేడు యులోఫియా ఎపిడెండ్రియాగా వ్యవహరిస్తున్న మొక్క ఇదే. తూర్పు కనుమలలోను, దక్షిణ భారతపు పొడి పొదలలోను కనిపించే ఈ జాతికి సన్నని ఆకులు, ఆకుపచ్చ ఛాయ గల పూలు ఉంటాయి. వానకు చిగురించి, పొడి కాలంలో ఆకు రాల్చి దుంపతో బతికే దీని జీవనక్రమం ఆఫ్రికా బంధువుల జీవనక్రమాన్ని పోలి ఉంటుంది. కనుక ఆఫ్రికా జాతి సాగుకు పూనుకొనేవారికి స్థానిక జాతిని దాని సహజ ఆవాసంలోనే, తవ్వకుండా, ఏడాది పొడవునా పరిశీలించడం మొదటి పాఠం కావాలి.

నీటి ఎంపిక

నిజాంపట్నం పరిసరాలలో మడ అడవులు, ఉప్పు కయ్యలు, రొయ్యల చెరువులు, ఇసుక పర్రలు పక్కపక్కనే ఉంటాయి. లోతైన బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. ఆర్కిడ్ వేళ్లు లవణాలను సహించలేవు. నీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.5 డెసీసీమెన్స్ లోపు ఉండటం శ్రేయస్కరం. దాదాపు 1.0కి చేరితే ఆకు కొనలు మాడటం, వేరు కొనలు నల్లబడటం ఆరంభమవుతాయి. ఈ లక్షణాన్ని నీటి ఎద్దడిగా పొరబడి అదే నీటిని మరింతగా పోయడం సాధారణంగా జరిగే తప్పిదం.

బాపట్ల తీర రైతులకు తరతరాలుగా తెలిసిన దొరువు దీనికి చక్కని పరిష్కారం. ఇసుక నేలలో కురిసిన వాన నీరు తేలికగా ఉండడం వల్ల అడుగునున్న ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. తక్కువ లోతులో తవ్విన దొరువు ఆ మంచినీటి పొరను మాత్రమే అందిస్తుంది. బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రం ఈ సూత్రాన్నే అభివృద్ధి చేసి, నేలలో అడ్డంగా పరచిన రంధ్రాల గొట్టాల ద్వారా మధ్యనున్న బావిలోకి మంచినీటిని చేర్చే మెరుగైన దొరువు విధానాన్ని రూపొందించింది. మోటారుతో అతిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. కుండీల అవసరం స్వల్పం కాబట్టి కొద్దికొద్దిగా తోడుకోవడం కష్టం కాదు. పైకప్పు నుంచి పట్టిన వాన నీటిని తొట్లలో నిల్వ చేసుకొంటే మరింత మేలు. దొరువు నీటిని వాడేవారు పక్షానికి ఒకసారి విద్యుత్ వాహకతను పరీక్షించుకోవాలి.

కుండీ మిశ్రమం, నాటే పద్ధతి

ఆఫ్రికా జాతులను నేలలో కాక కుండీలలోనే పెంచాలి. లవణ నియంత్రణకు, వాన నుంచి తప్పించడానికి, తోట దాటి వ్యాపించకుండా చూడటానికి ఇదే మార్గం. మట్టి కుండీ అడుగున పెంకు ముక్కలు పరచి, రెండు పాళ్లు గరుకు నది ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు, ఒక పాలు బొగ్గు, ఇటుక ముక్కల మిశ్రమాన్ని నింపాలి. సముద్రపు ఇసుక పనికిరాదు. దానిలో ఉప్పుతోపాటు గవ్వ, ఆల్చిప్ప ముక్కల సున్నం ఉండి క్షార గుణాన్ని పెంచుతుంది. కొబ్బరి పొట్టు వాడదలిస్తే మంచినీటిలో పలుమార్లు నానబెట్టి కడగాలి. పొట్టులోను లవణాలు ఉంటాయి.

వేసవి చివరలో, కొత్త వేళ్లు రాకముందే నాటడం మంచిది. దుంప కింది భాగం మాత్రమే మిశ్రమంలో ఉండి, పైభాగం గాలికి తెరిచి ఉండాలి. పూర్తిగా పూడ్చిన దుంప సులభంగా కుళ్లుతుంది. కుండీలను నేలపై కాక ఎత్తైన బల్లలపై అమర్చాలి. సగం వెలుతురును ఆపే షేడ్‌నెట్ సరిపోతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలిని అడ్డుకోవడానికి సరుగుడు వరుస గాని, దడి గాని అవసరం.

కార్తెల వారీగా సంరక్షణ

రోహిణి కార్తె వరకు కుండీ పొడిగానే ఉండాలి. దుంప మొదట కొత్త మొలక కనిపించిన తరువాతనే నీరు ఆరంభించాలి. క్యాలెండరును కాక మొలకను అనుసరించడం ప్రధానం. మృగశిర, ఆరుద్ర కార్తెలలో మొలక వేలెడు ఎత్తు అయ్యేవరకు నీటిని పొదుపుగా, కుండీ అంచు వెంట పోయాలి. మడత విప్పని లేత ఆకుల గొట్టంలో నీరు నిలిస్తే మొలక కుళ్లుతుంది.

పునర్వసు నుంచి పుబ్బ వరకు పూర్తి ఎదుగుదల దశ. మిశ్రమం పైపొర ఆరగానే నీరు ఇవ్వాలి. నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాము చొప్పున పక్షానికి ఒకసారి ఇస్తే చాలు. ఎరువు కూడా లవణమే కనుక, నెలకొకసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేంతవరకు మంచినీరు పోసి పేరుకున్న లవణాలను కడిగివేయాలి. వచ్చే ఏటి పూత ఈ దశలో దుంప ఎంత బలపడిందనే దానిపై ఆధారపడుతుంది.

ఉత్తర, హస్త కార్తెలలో ఆకులు పసుపు బారడం మొదలైతే ఎరువు ఆపి, నీటిని క్రమంగా తగ్గించాలి. సరిగ్గా ఈ సమయంలోనే తీరాంధ్రకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు వస్తాయి. మొక్క నీటిని పీల్చుకోవడం మానిన దశలో కుండీ తడిసి ఉండటమే దుంప కుళ్లుకు ముఖ్య కారణం. ఆఫ్రికాలో దీని సహజ ఆవాసంలో వానకాలం ముగిశాక దీర్ఘమైన పొడి కాలం వస్తుంది. ఇక్కడ ఆ పొడి కాలాన్ని సాగుదారుడే కల్పించాలి. చిత్త కార్తె నాటికి కుండీలను పారదర్శక కప్పు కిందికి చేర్చాలి. అది సాధ్యం కానిచోట కుండీలను పక్కకు వాల్చి ఉంచడం సులభోపాయం.

డిసెంబరు మొదటి వారంలోను తుఫాను రావచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. హెచ్చరిక వెలువడగానే కుండీలను గదిలోకి మార్చడం ఉత్తమం. తుఫాను గాలి మోసుకొచ్చిన ఉప్పు తుంపర పడితే వెంటనే మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి. అప్పటి నుంచి వేసవి వరకు పూర్తి విశ్రాంతి. దుంప మరీ ముడతలు పడితే మాత్రమే నెలకొకసారి స్వల్పంగా తడపాలి. ఆకులను నిలుపుకొనే పీటర్సై వంటి దళసరి జాతులకు ఈ కాలంలోను అరుదుగా కొద్ది నీరు అవసరం.

సస్యరక్షణ

పొలుసు పురుగులు, పిండినల్లి దుంప పొరల చాటున చేరతాయి. ఎండిన పొరలను తొలగించి మెత్తని బ్రష్‌తో శుభ్రపరచాలి. పూకాడపై పేనుబంకను నీటి ధారతో కడగవచ్చు. వానకాలంలో నత్తలు ఒక్క రాత్రిలో మొలకను కొరికివేస్తాయి. చీకటి పడ్డాక ఏరివేయడమే నమ్మకమైన పద్ధతి. కుళ్లు కనిపించిన దుంపను ఆరోగ్యకరమైన కణజాలం వరకు కోసి, కోతపై బొగ్గుపొడి అద్ది, కొన్నాళ్లు పొడిగా ఉంచాలి. సింబిడియం మొజాయిక్ వైరస్ కోత పనిముట్ల ద్వారా ఒక మొక్క నుంచి మరొకదానికి సోకుతుంది కనుక ప్రతి మొక్కకు ముందు కత్తిని మంటలో కాల్చాలి. శిలీంధ్రనాశినులను ముందుజాగ్రత్త పేరుతో తరచుగా పోయరాదు. వేళ్లతో సహజీవనం చేసే మేలైన శిలీంధ్రాలు వాటివల్ల నశిస్తాయి.

ప్రవర్ధనం

విభజన సులభమైన పద్ధతి. ఒక్కొక్క భాగానికి కనీసం మూడు దుంపలు ఉండేలా వేసవి చివరలో విడదీయాలి. విత్తన ప్రవర్ధనం ప్రయోగశాలకు సంబంధించిన పని. ఆర్కిడ్ విత్తనం ధూళివలె సూక్ష్మమైనది. దానిలో నిల్వ ఆహారం ఉండదు. ప్రకృతిలో శిలీంధ్రపు తోడ్పాటుతోనే మొలకెత్తుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ 1899లో గుర్తించగా, చక్కెర గల మాధ్యమంపై శిలీంధ్రం లేకుండానే మొలకెత్తించవచ్చని అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ 1922లో నిరూపించాడు. నేటి కణజాల వర్ధన ప్రయోగశాలలు అనుసరించేది ఈ మార్గాన్నే.

చట్టం, బాధ్యత

మొక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది సాగు పద్ధతి అంతటి ముఖ్యమైన విషయం. జాంబియాలో చికండా అనే వంటకం కోసం డైసా, సటీరియం, హెబనేరియా దుంపలను అడవి నుంచి విరివిగా తవ్వడం వల్ల నేల ఆర్కిడ్లు తరిగిపోతున్నాయి. మన దేశంలోను కొన్ని యులోఫియా దుంపలు సాలాబ్ మిస్రి పేరుతో మూలికల వ్యాపారంలోకి చేరుతున్నాయి. దుంపను తవ్వితే వచ్చే ఏటి మొక్కతోపాటు రాబోయే విత్తనం కూడా పోతుంది.

అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడిక అయిన సైటీస్ పరిధిలోకి ఆర్కిడ్ కుటుంబం మొత్తం వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఆ నిబంధనలు మన చట్టంలో భాగమయ్యాయి. విదేశీ మొక్కల దిగుమతికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. పరిశోధన కోసమైతే ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. ప్రయోగశాలలో విత్తనం నుంచి పెంచిన మొక్కలనే కోరాలి.

రెండవ బాధ్యత వ్యాప్తి నివారణ. ఆసియాకు చెందిన యులోఫియా గ్రామినియా 2007లో అమెరికాలోని ఫ్లోరిడాలో తోట దాటి కనిపించి, చెక్కపొట్టు పరచిన పూలమళ్లలో త్వరితంగా విస్తరించింది. ఇసుక నేల, వెచ్చని వాతావరణం గల మన తీరంలోను అటువంటి అవకాశాన్ని తోసిపుచ్చలేము. విత్తనం అవసరం లేనప్పుడు పూత ముగియగానే పూకాడను కోసివేయాలి. ప్రయోగశాల కోసం ఉంచిన కాయను పగలకముందే సేకరించాలి.

విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

నర్సరీలలో లభించే నేల ఆర్కిడ్ స్పాథోగ్లాటిస్‌తో ముందుగా నీరు, మిశ్రమం, నీడ విషయాలలో అనుభవం గడించడం మంచిది. ఆపై యులోఫియాను చేపట్టి వాన నీరు, దొరువు నీరు ఇచ్చిన కుండీలను విడివిడిగా పోల్చడం, అక్టోబరు నుంచి కప్పు కింద ఉంచినవాటిని, ఆరుబయట ఉంచినవాటిని పోల్చడం తక్కువ ఖర్చుతో చేయదగిన అధ్యయనాలు. మొలక వచ్చిన తేదీ, ఆకుల సంఖ్య, దుంప చుట్టుకొలత, ఆకు రాలిన తేదీ నమోదు చేస్తే తీర మండలాలకు తగిన సాగు పట్టిక సిద్ధమవుతుంది. ఆ పట్టిక ఆఫ్రికా జాతికే పరిమితం కాదు. దాదాపు అదే జీవనక్రమం గల స్థానిక యులోఫియాను అడవి నుంచి తవ్వకుండా విత్తనం ద్వారా పెంచి సంరక్షించే కార్యక్రమానికి కూడా అది ఆధారమవుతుంది.