నిద్రలో పళ్లు నూరుతున్నారా? స్ప్లింట్ కాపాడేది పళ్లను మాత్రమే

ఉదయం లేవగానే దవడ బిగుసుకుపోయినట్లు ఉండడం, కణతల వద్ద నొప్పి, చల్లని నీరు తగిలితే పళ్లు జివ్వుమనడం. ఈ మూడూ తరచూ కనిపిస్తే రాత్రి నిద్రలో పళ్లు నూరుతున్నారేమో పరిశీలించుకోవాలి. సాధారణంగా ఈ సంగతి నూరేవారికి తెలియదు. పక్కన పడుకున్నవారే చెప్పాలి.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. ట్రాఫిక్, మథురకాటి, నిమ్‌పురా వంటి ప్రాంతాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. రైళ్లు నడిపేవారికీ, స్టేషన్లలో పనిచేసేవారికీ రాత్రి డ్యూటీలు తప్పవు. వేళ తప్పిన నిద్ర, మెలకువ కోసం తాగే టీ, పొగాకు కలిసినచోట దవడ సమస్యను తేలికగా తీసుకోరాదు.

ఎందుకు నూరుతారు?

తెలుగులో పళ్లు పటపట కొరకడమంటే కోపానికి గుర్తు. నిద్రలో జరిగేది అది కాదు. నిద్ర క్షణకాలం తేలికపడినప్పుడు నమిలే కండరాలు తమంతట తాము బిగుసుకుంటాయి. మానసిక ఒత్తిడి, మద్యం, పొగతాగడం, అధికంగా కాఫీ సేవించడం, కుంగుబాటుకు వాడే కొన్ని మందులు దీన్ని పెంచవచ్చు. అయితే ఆ మందులను వైద్యుని అడగకుండా ఆపరాదు. కెనడాలో జరిగి 1994లో ప్రచురితమైన ఒక సర్వేలో పెద్దల్లో సుమారు 8 శాతం మంది తాము నిద్రలో పళ్లు నూరుతామని తెలిపారు.

పిల్లలు పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులు ఉన్నట్లేనని పెద్దలు అంటారు. దీనికి నిర్ధారిత ఆధారం లేదు. చాలామంది పిల్లల్లో వయసుతో పాటు ఈ అలవాటు తగ్గిపోతుంది.

స్ప్లింట్ ఏం చేస్తుంది?

నైట్ గార్డ్ అని కూడా పిలిచే స్ప్లింట్, పళ్ల అచ్చు తీసుకుని వాటికి సరిపోయేలా తయారుచేసే పారదర్శకమైన తొడుగు. ఎక్కువగా గట్టి ఆక్రిలిక్‌తో, సుమారు రెండు మిల్లీమీటర్ల మందంతో చేస్తారు. పై పళ్లకో, కింది పళ్లకో రాత్రివేళ తొడుక్కోవాలి. పన్నూ పన్నూ రాసుకోకుండా మధ్యలో అడ్డుగా నిలుస్తుంది. అరుగుదల పన్ను మీద కాక తొడుగు మీద పడుతుంది. అరిగిన తొడుగును మార్చుకోవచ్చు. అరిగిన పన్ను మాత్రం తిరిగి పెరగదు.

అయితే నూరే అలవాటును స్ప్లింట్ మాన్పుతుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. మూడు నెలలకు మించిన దవడ నొప్పిపై అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. నిపుణుల పర్యవేక్షణలో దవడ వ్యాయామాలకు, ఒత్తిడిని తట్టుకునే మానసిక శిక్షణకు అవి పెద్దపీట వేశాయి. నొప్పి తగ్గడానికి సాధారణ స్ప్లింట్లపై ఆధారపడాలని అవి సూచించలేదు. పళ్ల అమరికను శాశ్వతంగా మార్చే స్ప్లింట్లు వద్దని గట్టిగా చెప్పాయి. అంటే పళ్ల రక్షణకు స్ప్లింట్ ఉపయోగం వేరు, నొప్పికి చికిత్స వేరు.

గురక ఉంటే ముందు నిద్ర పరీక్ష

పళ్లు నూరడంతో పాటు బిగ్గరగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్లు ఉండడం, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. రైలు నడిపేవారికి ఇది భద్రతకు సంబంధించిన అంశం. పై పళ్లకు తొడిగే స్ప్లింట్ కొందరిలో ఈ శ్వాస ఇబ్బందిని పెంచే అవకాశం ఉంది. కనుక ఈ లక్షణాలను దంతవైద్యునికి ముందే చెప్పాలి.

ఎక్కడ చూపించుకోవాలి?

రైల్వే ఉద్యోగులు, వైద్య పథకంలో సభ్యులైన విశ్రాంత ఉద్యోగులు మొదట ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిని సంప్రదించవచ్చు. ప్రత్యేక చికిత్స అవసరమైతే, రైలులో దాదాపు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో 1920లో స్థాపితమైన డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల ఉంది. బెంగాలీ వైద్యునితో 'దాంత్ కిడ్‌మిడ్' అంటే విషయం వెంటనే అర్థమవుతుంది.

స్ప్లింట్‌కు డబ్బు చెల్లించే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది పళ్ల రక్షణకా, నొప్పికా? అన్ని పళ్లనూ కప్పుతుందా? మళ్లీ ఎప్పుడు సరిచూస్తారు? కొన్ని పళ్లనే కప్పే తొడుగు వల్ల మిగతా పళ్లు కదిలి, కాటు మారే ప్రమాదం ఉంది. తొడుగును వేడినీటిలో కడిగితే వంకరపోవచ్చు. చల్లని నీటితో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి.

పగటిపూట పెదవులు కలిసి ఉన్నా పళ్లు విడిగా ఉండాలి. పని ధ్యాసలో పళ్లు బిగిస్తున్నట్లు గమనించిన ప్రతిసారీ దవడను వదులు చేయడం ఖర్చు లేని చికిత్స. నోరు తెరుచుకోకపోయినా, దవడ పట్టేసినా వెంటనే వైద్యుని కలవాలి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది దంతవైద్యుని వద్దకు కాదు, అత్యవసర విభాగానికి.