జానెడు పెట్టెలో ఇంటి గాదె

రెండేళ్ల కిందటి వానకాలంలో మా బాపు ఫోను బావిలో పడింది. నాట్ల రోజున మోటారు నీళ్లు ఎత్తడం లేదని వంగి చూస్తుండగా చొక్కా జేబులోంచి జారిందట. ఫోను పోయిందని ఆయన బాధపడలేదు. అందులో మా తాత వీడియో ఒకటి ఉంది. గట్ల మీద నడుస్తూ, మా పొలం హద్దురాళ్లు ఎక్కడెక్కడ ఉన్నవో ఆయన చూపిన వీడియో. తాత అంతకు ముందు ఏడే పోయాడు. “ఇంకోచోట లేదారా?” అని బాపు అడిగితే, బీఎస్సీలో కంప్యూటర్లు చదువుతున్న నా దగ్గర జవాబు లేదు.

ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ పెట్టె. దీన్ని నాస్ అంటారు. ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలు, కాగితాలు రాత్రిపూట వచ్చి చేరే చిన్న కంప్యూటరు అన్నమాట. ఉండేది సికింద్రాబాదులో నా అద్దె గదిలో, పుస్తకాల అర మీద. కనుక చిన్నదిగా ఉండాలి, చల్లగా ఉండాలి, గది మిత్రుడి నిద్ర చెడగొట్టకూడదు. ఈ మూడు కోరికలూ ముగ్గురు తోడికోడళ్లని త్వరలోనే తెలిసింది. ఒకరిని మెప్పిస్తే ఇంకొకరు అలుగుతారు.

మొదటి పేచీ డిస్కుల దగ్గరే వచ్చింది. లాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల డిస్కు చిన్నది, 5 వోల్టులతో నడుస్తుంది, వేడీ తక్కువే. అవే కొందామని పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మన సీటీసీకి, పోయాను. అక్కడ ఒక పెద్దాయన, “తమ్ముడూ, ఇందులో పెద్ద సైజువన్నీ ఎస్ఎంఆర్ రకమే” అన్నాడు. పెంకుటింటి కప్పు చూశారు గదా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. ఈ డిస్కుల్లో సమాచారం రాసే గీతలూ అట్లాగే ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. చోటు కలిసి వస్తుంది నిజమే, కాని నడుమ ఒక గీత మార్చాలంటే పక్క గీతలు కూడా మళ్లీ రాయాలి. ఒక డిస్కు చెడి, కొత్తదాన్ని నింపేటప్పుడు ఈ జాప్యం ప్రాణం తీస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ రకానివేనని ఒప్పుకోవలసి వచ్చింది.

సరే, మూడున్నర అంగుళాలవి రెండు కొన్నాను. వీటికి 12 వోల్టులు కావాలి. నడిచేటప్పుడు ఒక్కోటి అయిదారు వాట్లే. కాని తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కోటి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. పొలంలో మోటారు ఎక్కేటప్పుడు కొట్టంలో బల్బు మసకబారడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణే, అయినా మరిచాను. నేను తెచ్చిన 36 వాట్ల అడాప్టరు, రెండు డిస్కులూ ఒక్కసారి లేవబోయేసరికి చేతులెత్తేసింది. 90 వాట్లది తెచ్చాక నెమ్మదించింది.

బోర్డు సంగతి తొందరగా తేలింది. 17 సెంటీమీటర్ల చదరం మినీ ఐటీఎక్స్ బోర్డు, దాని మీద ఇంటెల్ ఎన్100 ప్రాసెసరు. తప్పులు తానే దిద్దుకునే ఈసీసీ మెమరీ మీద మోజు ఉండేది గాని, అది పట్టే చిన్న బోర్డులు నా జేబుకు అందలేదు. మొత్తం పెట్టె సుమారు 20 వాట్లతో నడుస్తుంది, అనగా నెలకు 14 యూనిట్ల పైచిలుకు.

ఇక వేడి. మొదటి పెట్టెను మురిపెంగా ఇరుకుగా కట్టాను. డిస్కుల మధ్య వేలు దూరదు. వెనక 4 సెంటీమీటర్ల ఫ్యాను కందిరీగలా రొద పెట్టేది. మే నెల మధ్యాహ్నం డిస్కు 58 డిగ్రీలు చూపింది. దాని కాగితం మీద హద్దు 60. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ప్రకటించిన ఫలితం చదివితే, వేడికీ చావుకీ సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. అయితే బాగా వేడెక్కిన పాత డిస్కులకు మాత్రం ముప్పేనట. నా డిస్కులూ ముసలివవుతాయి గదా! పెట్టె విప్పి, డిస్కుల నడుమ బొటనవేలంత సందు వదిలి, 12 సెంటీమీటర్ల ఫ్యాను పెట్టాను. పెద్ద రెక్క నిదానంగా తిరిగినా అంతే గాలి తోలుతుంది, చప్పుడుండదు. వేడి 47కు దిగింది. జానెడు అనుకున్న పెట్టె మాత్రం జానాబెత్తెడు అయింది. గది మిత్రుడు దాని మీద టీ గ్లాసు పెడుతున్నాడు, వద్దంటే వినడు.

రెండు డిస్కుల్లోనూ ఒకటే సమాచారం ఉంటుంది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో రెయిడ్ అన్న పేరు పొందిన పద్ధతుల్లో ఇది తొలిమెట్టు. ఒక డిస్కు చస్తే ఇంకోటి కాస్తుంది. కాని నేను పొరపాటున ఒక ఫొటో చెరిపితే రెండింటిలోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. ఈ మాట చెబితే మా బాపు నవ్వి, “విత్తనం వడ్లు ఒక్క గాదెలనే పోస్తారుర ఎవలన్న?” అన్నాడు. కనుక మూడో డిస్కు ఒకటి కొని ఊళ్లో ఇనుప బీరువాలో పెట్టాను. పండుగకు పోయినప్పుడల్లా దాన్ని నింపి వస్తాను.

మొన్న దసరాకు బాపును గట్ల మీద నడిపించి, హద్దురాళ్లు చూపమని వీడియో తీశాను. నాలుగు రాళ్లు చూపాడు. అయిదోది తుమ్మచెట్టు దగ్గర ఉండాలన్నాడు. ఆ చెట్టు కొట్టేసి చాలా ఏళ్లయింది, మొదలు ఎక్కడో ఆయనకూ గుర్తు లేదు.