ఒకే తీగ మీద మూడు వందల రంగుల దీపాలు

నవరాత్రులు వస్తే సూరత్‌లోని అడాజన్ వంటి నివాస ప్రాంతాలు గర్బా నృత్యాలతో, విద్యుద్దీపాలతో కళకళలాడతాయి. పాత సీరియల్ సెట్లలో ఒక వరుస బల్బులన్నీ కలిసి వెలిగి, కలిసి ఆరేవి. ఇప్పుడు దొరికే ఎల్‌ఈడీ పట్టీల్లో ప్రతి దీపం తనకు చెప్పిన రంగులో విడిగా వెలుగుతుంది. అయినా పట్టీకి వెళ్లే తీగలు మూడే. ఐదు వోల్టుల విద్యుత్తుకు ఒకటి, గ్రౌండుకు ఒకటి, సమాచారానికి ఒకటి. మరి ఒక్క తీగ మీద వందల దీపాలకు వేర్వేరు ఆజ్ఞలు ఎలా అందుతాయి?

విస్తరాకుల పంపకం

బంతి భోజనంలో విస్తరాకుల కట్టను మొదటివారికి ఇస్తే, ఒకటి తీసుకుని మిగతావి పక్కవారికి అందిస్తారు. విరివిగా వాడే డబ్ల్యూఎస్2812బి దీపాలూ అంతే. ఐదు మిల్లీమీటర్ల చదరంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలతో పాటు ఒక చిన్న చిప్ ఉంటుంది. మైక్రోకంట్రోలర్ పంపిన బిట్లలో మొదటి 24ను అది ఉంచుకుని, మిగతావాటిని ముందుకు పంపుతుంది. ఏ దీపానికీ సొంత నంబరు లేదు. వరుసలో దాని స్థానమే చిరునామా.

ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 స్థాయిలు. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. సున్నాకైనా ఒకటికైనా తీగ మీద వోల్టేజీ పెరిగి తగ్గుతుంది. సుమారు 0.4 మైక్రోసెకన్లు పైన ఉంటే సున్నా, 0.8 ఉంటే ఒకటి. ఒక బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు కాబట్టి 300 దీపాలకు 9 మిల్లీసెకన్లు చాలు. సెకనుకు వందసార్లు దృశ్యం మార్చవచ్చు. 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే అర్డుయినో ఊనోకు ఒక బిట్ పంపడానికి దొరికేది 20 గడియార స్పందనలే. అందుకే పంపేటప్పుడు దాని ప్రోగ్రాములు ఇతర పనులను ఆపేస్తాయి.

ఇలాంటి ఆలోచన సూరత్‌కు కొత్తేమీ కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఎందరో నేత కార్మికులు అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. జకార్డ్ మగ్గంలో అట్టకు రంధ్రం ఉందా లేదా అన్నదే ఏ పడుగు దారం పైకి లేవాలో నిర్ణయిస్తుంది. అదీ ఒకటి, సున్నాల భాషే.

చివరి దీపం ఎందుకు ఎర్రబడుతుంది?

పట్టీ మొత్తం తెల్లగా వెలిగిస్తే కొన్నిసార్లు చివరి దీపాలు పసుపుగా, ఆపై ఎర్రగా మారతాయి. ఇది ప్రోగ్రాములో లోపం కాదు, ఓమ్ నియమం. పూర్తి తెలుపుకు ఒక్కో దీపం 60 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మూడు వందలకు 18 ఆంపియర్లు, అంటే 90 వాట్లు. పట్టీలోని పలుచని రాగి పొరల నిరోధం వల్ల దూరం వెళ్లేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. నీలం, ఆకుపచ్చలకు దాదాపు 3 కావాలి. అందుకే ముందుగా ఇవే మసకబారతాయి.

అలా తగ్గిన విద్యుత్తు తీగల్లో వేడిగా మారుతుంది. గుడ్డలు, థర్మాకోల్ మధ్య అమర్చే మండపాల్లో ఇది నిప్పుకు దారి తీయవచ్చు. కాబట్టి పట్టీకి విద్యుత్తును మైక్రోకంట్రోలర్ బోర్డు నుంచి ఇవ్వకూడదు. తగిన సామర్థ్యమున్న విడి పవర్ సప్లై, సరిపడా మందం తీగలు, ఫ్యూజు ఉండాలి. పొడవాటి పట్టీకి రెండు కొసల నుంచీ విద్యుత్తు అందించాలి. బోర్డు గ్రౌండును, సప్లై గ్రౌండును కలపాలి.

అన్నిటికన్నా తేలికైన రక్షణ ప్రోగ్రాములోనే ఉంది. వెలుగు విలువను 255 నుంచి 64కు తగ్గిస్తే 18 ఆంపియర్లు సుమారు ఐదుకు దిగుతాయి. మన కన్ను వెలుగును సరళరేఖలో కొలవదు కనుక, కాంతి సగమే తగ్గినట్టు అనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే విద్యార్థులు ఎనిమిది దీపాలతో మొదలుపెట్టి, ఆ ఒక్క అంకెను మారుస్తూ మల్టీమీటరులో కరెంటును గమనిస్తే, పండుగ అలంకరణే మంచి భౌతికశాస్త్ర ప్రయోగమవుతుంది.