వెనక చక్రం విప్పి చూద్దామా?

ముల్లు గుచ్చుకుని టైరులో గాలి పోవటం మన పొన్నూరు పరిసరాల్లో వింతేమీ కాదు. పొలాల గట్ల వెంట సర్కారు తుమ్మ ఉన్నంత కాలం పంక్చర్లూ ఉంటాయి. అతుకు వేసేవారు చక్రం బండికి ఉండగానే ట్యూబు బయటికి లాగటం మీరు చూసే ఉంటారు. కాని ట్యూబే మార్చాలంటే చక్రం ఊడదీయక తప్పదు. ఆ పని పెద్దవారిని పక్కన ఉంచుకుని ఇంటి దగ్గర మీరే చేయవచ్చు.

1985లో మన దేశంలో వచ్చిన హీరో హోండా సి.డి. 100, తర్వాత 1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి బండిని తీసుకుందాం. సైలెన్సరు చల్లారేదాకా ఆగి మెయిన్ స్టాండు వేయండి. మనది నల్లరేగడి నేల. స్టాండు కాళ్లు దిగబడితే బండి మీద పడుతుంది. కాళ్ల కింద మందపాటి చెక్క పెట్టండి. బరువు మారదు, వైశాల్యం పెరుగుతుంది, కాబట్టి పీడనం తగ్గుతుంది.

ముందుగా బ్రేకు కడ్డీ చివరి నట్టు విప్పండి. దాని వెలుపల ఎన్ని మరచుట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాసుకుంటే, తిరిగి బిగించేటప్పుడు ఇబ్బంది ఉండదు. తర్వాత ఇరుసు నట్టు. ఇది మొండికేస్తుంది. 15 సెంటీమీటర్ల పానాను 200 న్యూటన్ల బలంతో లాగితే బలభ్రామకం 30 న్యూటన్ మీటర్లు. పానా 30 సెంటీమీటర్లదైతే అదే బలానికి 60! రింగు పానా వాడండి, నట్టు మూలలు అరగవు. పానాను తోయకండి, మీవైపు లాగండి. జారినా చేతివేళ్లు ఇనుముకు కొట్టుకోవు.

గొలుసు వైపు ఇంకో పెద్ద నట్టు కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. పళ్లచక్రాన్నీ గొలుసునూ బండికి పట్టి ఉంచేది అదే. ఇరుసును బయటికి లాగితే చక్రం ఒక్కటే విడివడి వస్తుంది, చేతికి గొలుసు జిడ్డు అంటదు. చక్రానికీ పళ్లచక్రానికీ మధ్య రబ్బరు ముక్కలుంటాయి. ఇంజను కుదుపులు చక్రానికి సూటిగా తగలకుండా అవి ఆపుతాయి.

ఇరుసు లాగేముందు విప్పవలసింది ఇంకొకటి ఉంది. బ్రేకు పళ్లేన్ని బండికి కట్టి ఉంచే ఇనుప పట్టీ. చూడటానికి ఏమంత పనిలేనట్టు ఉంటుంది. చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి చక్రం విప్పి బిగించాక, అరుగు మీద ఒక బోల్టు మిగిలిపోయింది. "ఇదెక్కడిది నాన్నా?" అని మా అబ్బాయి అడగబట్టి బతికిపోయాను. అది ఆ పట్టీ బోల్టే.

ఆ బోల్టు లేకపోతే ఏమవుతుంది? బ్రేకు తొక్కగానే పళ్లెం మీది దిమ్మెలు తిరిగే డ్రమ్మును ఒత్తుతాయి. దిమ్మెలు డ్రమ్మును ఆపబోతే, అంతే బలంతో డ్రమ్ము దిమ్మెలను తనతో లాక్కుపోబోతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రమే. ఆ లాగుడును అడ్డుకునేది ఆ పట్టీ. అది లేకపోతే పళ్లెం కూడా చక్రంతో పాటు తిరుగుతుంది. బ్రేకు కడ్డీ వంగిపోవచ్చు, పరుగెత్తే బండి చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోనూవచ్చు. ఆ నట్టు అదురుకు ఊడకుండా చీలిక పిన్ను కూడా అందుకే పెడతారు. పాత పిన్ను వంచి వంచి విరుగుతుంది. కొత్తది వేయండి, ఖరీదు ఏమంత కాదు.

విప్పిన ప్రతి వస్తువునూ పాత పేపరు మీద వరుసగా పేర్చండి. ఇరుసు మీద ఉండే చిన్న ఇనుప గొట్టం ఏ పక్కదో గుర్తుపెట్టుకోండి. బిగించేటప్పుడు చివరి వస్తువు నుంచి వెనక్కి రండి. ఇరుసు నట్టు, పట్టీ బోల్టు రెండూ గట్టిగా బిగిశాయో లేదో పెద్దవారి చేత ఒకసారి చూపించండి. చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు నొక్కి చూడండి. పేపరు మీద ఏదైనా మిగిలితే మాత్రం బండి కదిలించకండి.