పాతపటమునకు ప్రతి వ్రాయుట

తైలవర్ణములతో ముఖచిత్రములు వ్రాయ నేర్చుకొనువారిని పూర్వాచార్యుల పటమునకు ప్రతి వ్రాయుమన్నంతనే మనలో ననేకులు ముఖము చిట్లించుకొందురు. అనుకరణము దాస్యమనియు, స్వతంత్రప్రతిభకు గొడ్డలిపెట్టనియు వారి యాక్షేపణ. ఈ యాక్షేపణలో నిజము కొంత గలదు. అది యెంతయో చూడవలసియున్నది.

రూబెన్సు 1628లో రాయబారియై మాడ్రిడ్డునకు పోవునప్పటికి ఆయనకు ఏబదియొక యేండ్లు. యూరోపునందంతటను ఆయన కీర్తి వ్యాపించియుండెను. అట్టివాడు రాజప్రాసాదమున టిషియను పటముల యెదుట శిష్యునివలె నిలిచి ప్రతులు వ్రాసెను. పారిసులోని లూవ్రు చిత్రశాలయందు 1793 మొదలు చిత్రకారులు ప్రతులు వ్రాయుచునే యున్నారు. అచ్చట నొక నిబంధన గలదు: ప్రతి మూలముయొక్క కొలతకు సరిపోగూడదు, చిత్రకారుని సంతకమును దింపగూడదు. దొంగకును విద్యార్థికిని నడుమ గీచిన గీత యిదియే.

ఇక ప్రతి వ్రాయుటవలన నేర్చునదేమి? హేగు నగరమందలి మారిట్షుయిస్ చిత్రశాలలో వెర్మీరు వ్రాసిన, ముత్యపు లోలకు ధరించిన బాలిక పటమును దీసికొందము. ఇది సుమారు 1665 నాటిది, ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39. కన్ను దానిని చూచి ముక్కునకు గీత యున్నదనియే నమ్మును. కుంచె పట్టినవాడు వెదకగా గీత లేదు! ముక్కును చెక్కిలియు నొకే చాయలో లీనమైయున్నవి. ముత్యమును అంతే. పైన నొక తెల్లని చుక్క, క్రింద కంఠవస్త్రముయొక్క మసక ప్రతిబింబము, అంతకుమించి యేమియు లేదు. చెవికి దగిలించు కొక్కెమును లేదు. చూచుటకును తెలియుటకును గల భేద మిట్లు చేతికి దెలియును.

2018లో శాస్త్రజ్ఞులు ఈ పటమును కిరణములతో పరీక్షించిరి. నేడు కారునలుపుగ గాన్పించు వెనుకభాగము ఒకప్పుడు ఆకుపచ్చని తెరయనియు, కాలముచే రంగు చెడెననియు, కన్నులకు సన్నని ఱెప్పవెండ్రుకలు గలవనియు తేలెను. గోధుమ, నలుపు వర్ణములతో అడుగుపూత వేసి, వెనుకభాగము, ముఖము, పసుపుపచ్చని చొక్కా, తెల్లని కాలరు, తలపాగ, కడపట ముత్యము అను క్రమమున వెర్మీరు వ్రాసెను. పటమును పైపైన జూచి రంగులు దింపువానికి ఈ క్రమము దొరకదు. పొరపై పొర వేయక తప్పదు. అవిసె నూనె ఆవిరియై పోవునది కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున అడుగుపొరలో నూనె తక్కువగను, పైపొరలో నెక్కువగను ఉండవలెను. లేనిచో పైపూత పగులును. (వెర్మీరు వాడిన సీసపు తెలుపు విషము. విద్యార్థులు టైటేనియము తెలుపు వాడుట మేలు.)

మనకొక చిక్కు గలదు. వెర్మీరు మూలపట మొక్కటియు మన దేశమున లేదు. మన విద్యార్థులు అచ్చుబొమ్మను గాని ఫోనుతెరను గాని చూచి వ్రాయవలసినవారు. తెరపై రంగు వెలుగుచేత బుట్టునది. పూతల మందము, కుంచె జాడ అందు గానరావు. కాగా రంగుల విషయమున దానిని నమ్మక, వెలుగునీడల పాఠమువరకే గైకొనుట యుక్తము.

దాస్యమను మాటకు నిజముగ తావిచ్చునది వేఱొకటి. డచ్చి బాలిక చెక్కిలికై కలిపిన తెలుపును, ఇంగిలీకమును కంఠస్థము చేసి, ఆ పాళ్లనే తన తల్లి ముఖమునకు బూయు విద్యార్థులు గలరు. ఆ తల్లి యా పటములో తల్లిగా నుండదు. మన మేనిచాయలో గోధుమ, పసుపు, ఒక్కొక్కచో నీలిమయు గలదు. నల్లని నుదుటిపై వెలుగు పడినచోట మెఱుపు మిక్కిలి తీక్ష్ణముగ నుండును. ఈ పాళ్లు ఏ పాతపటమునందును వ్రాసియుండవు. పటము ముగిసిన మఱునాడే, ప్రతిని గోడకు త్రిప్పి, ఆమెను కిటికీ యొద్ద గూర్చుండబెట్టి, రంగులను మొదటినుండి కలుపుకొనవలెను.